దాదా చెప్పిన హాజరీ

మా చిన్నప్పుడు... గార్ల దగ్గర మా తండాలో మా ఇంటివాళ్లెవరైనా ఊరు దాటాలంటే ముందు దాదా కదలాలి. దాదా అంటే మా నాన్నకు నాన్న. తలపాగా చుట్టుకుని పక్క ఊళ్లో, ఒకప్పుడు సర్కారు తరఫున ఊళ్లను చూసుకున్న పటేల్ ఇంటికి పోయి, వాకిట్లో చెప్పులు విడిచి నిలబడి చెప్పేవాడు... ఫలానావాడు ఫలానా ఊరికి పోతున్నాడు, ఫలానా రోజు వస్తాడు అని. మా నాన్న మిరపకాయలు ఏరే కూలికి ఖమ్మం వైపు పోయినా అంతే.

పటేల్ తల పట్టుకునేవాడు. "పటేల్గిరి సర్కారు తీసేసి ఎన్నేండ్లాయె నాయకా... నాకెందుకు చెప్తవ్? ఏడికన్న పో, నిన్నెవ్వడడుగుతడు?" అనేవాడు. దాదా బుద్ధిగా తల ఊపేవాడు. మళ్లీ ఎవరైనా ప్రయాణం కడితే మళ్లీ పోయేవాడు. అందరి దాదాలూ ఇంతే అనుకునేదాన్ని నేను.

ఒక ఎండాకాలం తమ్ముడికి జ్వరం పట్టుకుంది. నాన్న కూలికి పోయి ఇంట్లో లేడు. తెల్లారేసరికి వాడి ఒళ్లు పెనంలా కాలిపోతోంది, కళ్లు తేలేస్తున్నాడు... ఊరి డాక్టరు చూసి, "నాతోని కాదమ్మా, పొద్దుగాల ప్యాసింజరుకే మానుకోట దవాఖానకు తీస్కపో" అన్నాడు. మానుకోట అంటే మహబూబాబాద్. ఆ బండి తప్పితే మళ్లీ మధ్యాహ్నం దాకా ఇంకోటి లేదు.

యాడి, అంటే మా అమ్మ, తమ్ముణ్ని భుజాన వేసుకుంది. తోడు రావాల్సిన దాదా అప్పటికే పటేల్ ఇంటికి పోయాడు. ఎంతకీ రాడు... నన్ను ఉరికించింది.

వెళ్లి చూస్తే పటేల్ ఏదో పెళ్లికి పోయాడట, ఇంట్లో లేడు. దాదా అరుగు కింద గొంతుక్కూర్చుని ఉన్నాడు. "పటేల్ రానీ బిడ్డా... చెప్పకుంట ఎట్ల పోతం?" అన్నాడు. మేం మాట్లాడుకునేది మా లంబాడీ భాషలోనే, మీకోసం తెలుగులో చెబుతున్నాను.

ఇంతలో యాడి కూడా వచ్చేసింది. మా దగ్గర కోడలు మామ ముందు ముసుగు తీయదు, ఆయనతో నేరుగా మాట్లాడదు. ఏం చెప్పాలన్నా నాతోనే చెప్పించేది... "మీ దాదాను బువ్వ తినమను" అని. ఆ పొద్దు ముసుగు వెనక్కి నెట్టేసి ఆయన మొహంలోకి చూసి అడిగింది.

"పోరడు పోతే అప్పుడెవలికి చెప్తవ్ మామా?"

దాదా లేవలేదు. లేవలేకపోయాడు. యాడి నా చెయ్యి పట్టుకుని స్టేషన్ వైపు నడిచింది. ఆమె వెనక్కి చూడలేదు, నేను చూస్తూనే ఉన్నాను.

బండి ఎక్కాక నాకు సగం భయం తమ్ముడి గురించి... సగం భయం చెప్పకుండా వచ్చామని. ఖాకీ చొక్కా కనబడితే చాలు, యాడి వెనక దాక్కున్నాను. చెప్పకపోతే ఏమవుతుందో నాకు తెలియదు.

తమ్ముడు బతికాడు. వాడు కళ్లు తెరిచి ఆకలి అన్న రోజు యాడి దవాఖాన గోడకు ఆనుకుని ఏడ్చింది.

కొన్నాళ్లకు తిరిగొస్తుంటే స్టేషన్ దారిలో పటేల్ ఎదురయ్యాడు. తమ్ముడి తల నిమిరి యాడితో అన్నాడు... "మీ మామకు జర నువ్వన్న చెప్పమ్మా. మీరు పోయినకాడికెల్లి రోజు మాపటికి వచ్చి నా వాకిట్ల నిలవడుతుండు. 'నా కోడలు, పిల్లలు మానుకోట దవాఖానల్నే ఉన్నరు పటేలా, ఏడికి పారిపోలే' అంటడు. ఎంత వద్దన్న ఇంటలేడు."

యాడి ముసుగు కిందికి లాక్కుంది. ఇంటికి రాగానే నాతో, "మేమొచ్చినమని మీ దాదాకు చెప్పు" అంది. దాదా తమ్ముణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒళ్లంతా తడిమాడు. ఆ వెంటనే తలపాగా చుట్టుకున్నాడు... మేం వచ్చిన సంగతి పటేల్‌కు చెప్పడానికి.

ఎందుకిదంతా అని అడిగితే, నేను ఇంటర్ చదివేటప్పుడు గానీ దాదా నోరు విప్పలేదు. మావాళ్లు ఒకప్పుడు ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. తెల్లదొరల ఫౌజులకూ తిండి మోసినవాళ్లు. దొరలు రైళ్లు వేసి, ఉప్పును గుప్పిట్లో పెట్టుకున్నాక మా ఎడ్లకు పని పోయింది. ఆ తర్వాత, మాలాంటి తిరిగే జాతులు ఎన్నో పుట్టుకతోనే దొంగలని చట్టం చేశారు. నిజాం సర్కారూ అదే దారి పట్టింది. పొద్దుగూకితే మగవాళ్లంతా పటేల్ ముందు హాజరీ చెప్పాలి, చెప్పకుండా తండా దాటకూడదు. దాదా వాళ్ల అన్న అత్తగారింటికి పోయి ఒక్క మాపు హాజరీకి అందలేదట. పోలీసు జవాన్లు పట్టుకుపోయారు. తిరిగొచ్చాక ఆయన సరిగ్గా నడవలేదు.

స్వాతంత్య్రం వచ్చాక ఆ చట్టం ఎత్తేశారు. దాదాకు ఆ మాట అందరూ చెప్పారు. ఆయన మాత్రం నమ్మలేదు. చెప్పొద్దూ, నాకు ఆయన మీద కోపం లేదు, ఆ చట్టం రాసినవాళ్ల మీద ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు నేను భూపాలపల్లిలో ఉంటున్నాను. తమ్ముడు లారీ డ్రైవరు. ముత్తాతలు ఉప్పు మోస్తే వీడు బొగ్గు మోస్తాడు. ఎక్కడున్నా పొద్దుగూకేసరికి నాకు వాట్సాప్‌లో లొకేషన్ పెడతాడు. పెట్టమని నేను ఏనాడూ అడగలేదు... నిన్న పెట్టలేదు. ఫోన్ కలవలేదు. చెక్‌పోస్టు దగ్గర ఎవరైనా ఆపారా, పేరు అడిగారా, ఏ తండా అని అడిగారా... అనుకుంటూ మళ్లీ మళ్లీ ఫోన్ చేశాను. చివరికి చూస్తే ఛార్జింగ్ అయిపోయిందట.

మీ ఇళ్లల్లో కూడా ఎవరూ అడగని హాజరీ ఎవరైనా చెబుతుంటారా? ఉంటే కింద రాయండి... నిన్న వాడి ఫోన్ వచ్చేదాకా నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. దాదాకైతే పోయి చెప్పుకోవడానికి ఒక పటేల్ అయినా ఉండేవాడు.