కుంకుమ కింద వెండి

నిన్న దీపపు కుందిని వేడినీళ్ళలో నానబెట్టాను. కాసేపటికి పాత నూనె, కుంకుమ, మసి కలిసి కరుగుతున్న వాసన లేచింది. ఇంకొకరైతే ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఏకాంబరం సార్ గుర్తొచ్చి, పని వదిలేసి అక్కడే కూర్చుండిపోయాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మీరెవరూ ఆయన్ని చూసి ఉండరు, అందుకే రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో తిరుత్తణిలో ఒక చిన్న పోస్టాఫీసులో నేను గుమాస్తాను, ఆయన పోస్ట్‌మాస్టరు. నేను తిరువళ్ళూరు నుంచి రోజూ రైల్లో వచ్చిపోయేదాన్ని. ఆయనది ఊత్తుకోట పక్క తెలుగు కుటుంబం. అరవంలో లెక్కలు వేసేవారు, తెలుగులో తిట్టేవారు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, రోము దేశపు పాత నాణేలు. ఎప్పుడో మిరియాల కోసం, ముత్యాల కోసం ఓడలెక్కి వచ్చినవాళ్ళు ఈ దేశంలో వదిలిపోయినవి. పాత ఇత్తడి కొట్టులో తూకానికి పోయే రాగి బిళ్ళల్లోంచి వాటిని ఏరుకొని, ఆదివారాలు ఇంటి వసారాలో కూర్చొని శుభ్రం చేసేవారు.

"చింతపండేసి తోమితే తళతళలాడవా సార్?" అని ఒకసారి అడిగాను.

"నీ ముఖానికి ఇటుకపొడి ఏసి తోముకుంటావా పాపా? తళతళా వస్తాది, ముక్కూ చెవులూ పోతాయి!"

ఆయన పద్ధతే వేరు. బ్యాటరీ కొట్టులో కొన్న డిస్టిల్డ్ వాటర్‌ను గోరువెచ్చగా చేసి నాణేన్ని అందులో నానబెట్టేవారు. వెదురు పుల్ల కొసను నమిలి మెత్తగా చేసి, మట్టిని రేణువు రేణువుగా లేపేవారు. పూర్తిగా ఆరాక ఒక్కోదాన్ని పలచని కాగితంలో మడిచి, మూత బిగుతుగా ఉండే స్టీలు డబ్బాలో పెట్టేవారు. ప్లాస్టిక్ కవరు తెచ్చిస్తే విసిరి కొట్టారు, అందులో పెడితే జిగటగా పచ్చబడతాయని. చూస్తూ చూస్తూ నాకూ ఆ పిచ్చి అంటుకుంది.

మా ఇంట్లో దేవుడి గూట్లో గోరంత నల్లటి బిళ్ళ ఒకటి ఉండేది. మా అవ్వకు అదే, వేపకొమ్మలతో కొలిచే పెరియపాళయం అమ్మవారు. మా నాయనకు చిన్నప్పుడు అమ్మవారు పోసి, బతకడని అందరూ చేతులెత్తేస్తే, అవ్వ ఆ బిళ్ళను బిడ్డ తలగడ కింద పెట్టి పక్కనే కూర్చుందట. నాయన బతికాడు, ముఖాన మచ్చలు మిగిలాయి. అప్పటినుంచీ శుక్రవారం శుక్రవారం పెట్టిన కుంకుమ, నూనె పెచ్చుకట్టి దాని రూపమే తెలియకుండా పోయింది. సార్ సంగతి నేను చెప్పగానే అవ్వ పట్టుకుంది.

"నా కండ్లు మబ్బుకొస్తా ఉండాయి. పూర్తిగా పోకముందు ఆమె ముఖం ఒకసారి చూడల్ల. నన్ను తీసకపో."

ఆదివారం అవ్వను రైల్లో తీసుకెళ్ళాను. సార్ బిళ్ళను అంచులు పట్టుకొని చూసి, "అవ్వా, ఇది తీసినాక మళ్ళీ అంటించలేము. కింద ఏముండాదో నాకూ తెలీదు" అన్నారు.

"ఆమె కాకుంటే ఎవరుంటారు? కానీయ్ అయ్యా."

నీళ్ళు ఎర్రబడ్డాయి, పాత నూనె వాసన లేచింది. వెదురు పుల్ల కింద ముందు ఒక చెవి తేలింది, తర్వాత ముక్కు. అవ్వా నేనూ వంగి చూస్తున్నాం. పొట్టి జుట్టు, తలచుట్టూ ఆకుల దండ, లావు మెడ. మగవాడు! "రాజు! రోము రాజు పాపా! వెండి నాణెం!" అని సార్ ఎగిరి గంతేసినంత పనిచేసి, అవ్వ ముఖం చూసి ఆగిపోయారు.

"ఇన్నేండ్లూ ఎవడో మగోడికి బొట్టు పెడతా వచ్చినానా?" అంది అవ్వ. "మరి నా బిడ్డను కాపాడింది ఎవరయ్యా?"

"ఇంకో పక్క ఉండాది అవ్వా. నువ్వు తియ్యమంటే తీస్తా. వద్దంటే ముట్టను."

అవ్వ బిళ్ళను కొంగున ముడేసుకుంది.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. ముసలామెను ఎందుకు తీసుకెళ్ళానురా దేవుడా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఆఫీసులో సార్ నాణేల ఊసే ఎత్తలేదు, రోజూ ఒక్క మాట అడిగేవారు, "అవ్వ తిన్నాదా?" అని. శుక్రవారం అవ్వ దీపం పెట్టింది కానీ కుంకుమ భరిణె తెరవలేదు. గడ్డం గీసుకుంటున్న నాయన మచ్చల చెంపలకేసి చూస్తూ కూర్చుంది. ఆదివారం మాత్రం నాకంటే ముందే తయారైంది.

"లెయ్యే, రైలు పోతాది. సగమే తెలుసుకొని ఉండేది నా వల్ల కాదు."

ఈసారి సార్ నోరు కట్టేసుకొని పని చేశారు. అయ్యాక తుడిచి, భూతద్దం అవ్వ చేతికిచ్చి "నువ్వే చూడు" అన్నారు. అవ్వ చాలాసేపు చూసింది.

"ఆడమనిషి. కుర్చీలో కూచోనుండాది. ఒక చేతిలో పొడుగు కట్టె. ఇంకో చేతిలో..." ఆమె గొంతు పెరిగింది. "వేపకొమ్మే! వేపకొమ్మ పట్టుకోనుండాది!"

నేను సార్ వైపు ఆశగా చూశాను. ఒక్క అవునంటే సరిపోయేది.

"కొమ్మే అవ్వా. ఏ చెట్టుదో ఇంత చిన్నదాంట్లో తెలీదు. పుస్తకాల్లో ఆలివ్ అని రాసినారు, అది వాళ్ళ దేశపు చెట్టు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అవ్వ మాత్రం తగ్గలేదు.

"రాసినోడు పెరియపాళయం ఆడి నెల తిరునాళ్ళకు ఎప్పుడైనా వచ్చినాడా?"

"రాలేదవ్వా" అని సార్ నవ్వేశారు. నాణేన్ని కాగితంలో మడిచి, ఇకమీదట బొట్టు పొట్లం మీదే పెట్టాలని బతిమాలారు. అవ్వ కాసేపు బేరమాడి ఒప్పుకుంది. లేవబోతూ మళ్ళీ కూర్చుంది.

"నిజం చెప్పు అయ్యా. నా బిడ్డను కాపాడింది ఈమేనా?"

"ఈ నాణెం యాడ చేసినారో నేను చెప్పగలను. నీ బిడ్డను ఎవరు కాపాడినారో నాకెట్లా తెలస్తాది? పక్కన కూచున్నది నువ్వు. నువ్వే చెప్పల్ల."

అవ్వ పొట్లాన్ని రెండు చేతులతో పట్టుకొని ఆలోచించింది.

"ఆ పొద్దు ఎనిమిది మంది ఇంట్లో ఉండిరి. అంటుకుంటాదని అందరూ బయటికి పోయినారు. నేనొక్కదాన్నే కూచున్నా" అంది మెల్లగా. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, ముఖం మాత్రం నవ్వుతోంది. "ఆమె కూచోబెట్టబట్టే గదయ్యా కూచున్నా."

సార్ అవునూ కాదూ అనలేదు, చేతులు జోడించారు. నన్ను నమ్మి ఎవరైనా ఏదైనా అడిగితే, తెలిసినంత చెప్పి ఆగిపోవడం నాకు ఆయన దగ్గరే అబ్బింది. ఆ ఆగడమే కష్టం. అవతలివాళ్ళు తమ మాట తాము వెతుక్కునేదాకా ఇప్పటికీ నాలుక కొరుక్కుంటూ కూర్చుంటాను.