ముగ్గురి లేన్‌లో నాలుగో మనిషి

మేముండే గ్లెన్‌ఫీల్డ్ నుంచి సిటీలోని ఆఫీసులకు నేను, పక్కింటి శ్రీను, ఎదురింటి డేవ్ రోజూ నా కారులోనే వెళ్తాం. కారులో కనీసం ముగ్గురుంటే, అలాంటి కార్లకే కేటాయించిన టీ త్రీ లేన్‌లో ట్రాఫిక్‌ని దాటుకుని పోవచ్చు. మొన్ననే గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు ఈ రోజు పొద్దున మమ్మల్ని గుమ్మంలోనే ఆపేశారు.

"ముగ్గురు కలిసి బయల్దేరకూడదు బాబూ."

"ముగ్గురుంటేనే ఆ లేన్‌లోకి రానిస్తారండీ."

"నలుగురైతే వద్దంటారా?" అంటూ వెళ్లి ముందు సీట్లో కూర్చున్నారు.

నిజంగానే హాయిగా చేరాం. వాళ్లిద్దరూ దిగాక గుర్తొచ్చింది, ఆవిణ్ణి మళ్లీ ఇంటికి చేర్చాలని. చేర్చి, ఒక్కణ్ణే మామూలు లేన్‌లో పాక్కుంటూ ఆఫీసుకు వెళ్లేసరికి మీటింగ్ అయిపోయింది.

ఇప్పుడు ఆవిడ రేపటి ప్రయాణానికి చీర ఇస్త్రీ చేసుకుంటున్నారు. ఏం చెప్పి ఆపాలో మీరే చెప్పండి.