మగ్గం గుంతలో పుష్పావతి

ధర్మవరంలో శంకరప్ప ఇంట్లో మగ్గం మగవాళ్లది. ఆడవాళ్లు గడప దగ్గర కూర్చుని కండెలకు దారం చుట్టేవాళ్లు. ఆయన తల్లి ఆదిలక్ష్మమ్మ చుట్టింది, భార్య వెంకటమ్మ చుట్టింది. పెద్దమనిషి కాగానే కూతురు పుష్పావతిని బడి మాన్పించి ఆ పనికే కూర్చోబెట్టారు.

పంతొమ్మిది వందల తొంభైలో శంకరప్పకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. కొడుకు గంగాధరకు ఇంకా పని రాదు. సగం నేసిన చీర మగ్గం మీదే ఉండిపోయింది. ఒక ఉదయం పుష్పావతి ఎవరినీ అడగకుండా, నేసేవాళ్లు కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంతలోకి దిగింది.

"ఆడబిడ్డ ఆడ కూసోకూడదు! లెయ్యి!" అని అవ్వ అరిచింది.

"మరి ఎవురు నేస్తారవ్వా? నువ్వు నేస్తావా?"

శంకరప్ప మంచం మీద నుంచే, "పోగు తెగకుండా చూసుకో పాపా" అన్నాడు.

పెళ్లయ్యేదాకా ఆ ఇంటిని నడిపింది ఆమె చేతులే. షావుకారు చీరల కోసం వచ్చినప్పుడు మాత్రం తమ్ముణ్ణి గుంతలో కూర్చోబెట్టి, ఆమెను వంటింట్లోకి పంపేవాళ్లు. "నీ కొడుకు పనితనం నిన్ను మించిపోయిందప్పా" అని షావుకారు మెచ్చుకుంటుంటే ఆమె లోపలినుంచి వినేది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత రాలేదు.

పెనుకొండలో లారీ డ్రైవరు మల్లికార్జునకు ఇచ్చి చేశారు. ఇంట్లో ఒక మగ్గం వేయించమని అడిగితే, "పెండ్లాం నేస్తే మొగుడు కూసోని తింటాండాడు అంటారు" అన్నాడు. ఇంకోసారి అడిగింది. ఆ తర్వాత అడగడం మానేసింది.

కూతురు సాయిసుధ ఎనిమిదో తరగతిలో ఉండగా పెద్దమనిషి అయింది. చదువు చాలని, తన అక్క కొడుక్కి ఇచ్చి పెళ్లి చేసేద్దామని మల్లికార్జున మాట ఇచ్చి వచ్చాడు. పుష్పావతి ఆ వారమే బిడ్డను హిందూపురం తీసుకెళ్లి ఆడపిల్లల హాస్టల్లో చేర్పించింది.

"ఇంగ నా గడప తొక్కొద్దు" అన్నాడు భర్త.

ఆమె ధర్మవరంలో పుట్టింటికి చేరింది. అప్పటికి నాయనా అవ్వా లేరు. ఉన్న మగ్గం మీద తానూ నేస్తానంటే గంగాధర తల వంచుకుని, "అక్క కష్టం తింటాండానని ఊరంతా నవ్వుతారు. కావాలంటే ఊరికే ఉండు" అన్నాడు. ఆమె ఊరికే ఉండలేదు. వేరే గది అద్దెకు తీసుకుని, వేరేవాళ్ల మగ్గాల షెడ్డులో, మగవాళ్ల మధ్య కూలికి నేయడానికి కుదురుకుంది.

ఒక మధ్యాహ్నం వెంకటమ్మ కొడుక్కి తెలియకుండా సంగటి తెచ్చింది. కూతురు నేస్తుంటే చాలాసేపు చూస్తూ నిలబడింది.

"నాకు గూడా గుంతలో దిగల్లనిపిస్తాండె పాపా" అంది మెల్లగా. "ఒగ దినమన్నా అడగల్యా."

"దిగమ్మా ఇప్పుడు."

"కండ్లు యాడ కనపడతాయి?" అని వెంకటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ వానాకాలమే ఆమె పోయింది. అల్లుడు చూడటానికి రాలేదు.

సాయిసుధ ఇప్పుడు పదో తరగతి, బాగానే చదువుతోంది. సెలవులకు తల్లి దగ్గరికి వచ్చినప్పుడల్లా పెనుకొండ పోదామని ఏడుస్తుంది.

"నాయనతో కొట్లాడింది నువ్వు. నేనెందుకు దూరముండల్ల?" అంటుంది.

పుష్పావతి బిడ్డకు జడ వేసి, హిందూపురం బస్సెక్కించి, షెడ్డుకు పోతుంది.