మామ పాడకుండా దాటేసిన చరణం

మొన్న మనవరాలు ఆఫీసు స్నేహితులతో కలిసి నాలుగు రోజులు శ్రీలంక చూసి వస్తానని, తాతా నీకేం తేవాలె అని అడిగితే, చాయ్‌పత్తి తెమ్మన్నాను గానీ, ఆ మాట నోట్లో ఉండగానే మనసు ఎక్కడికో పోయింది. మా ఇంట్లో లంక అనే మాటను అంత తేలిగ్గా పలకలేని కాలం ఒకటి ఉండేది. ఆ పిల్లకు చెబితే బెంగపడుతుంది, నా ఈడు వాళ్లకైతే చెప్పుకోవచ్చు.

మాది గుమ్మడిదల పక్కన పల్లె. నేను బొల్లారంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు నౌకరీ చేసేవాణ్ణి. అమ్మను మేము అవ్వ అనే పిలిచేవాళ్లం. నేను కంపెనీ బస్సు దిగి ఇంటికొస్తే ఆమె అంగీ వాకిట్లోనే విప్పించేది, వాసన అంత ఘాటు. తమ్ముణ్ణి కూడా అక్కడే పెట్టిద్దామని సూపర్‌వైజర్‌ను బతిమాలి తీసుకుపోతే, వాడు ఒక్క పూట చేసి ముక్కు మూసుకొని తిరిగొచ్చి, నెల తిరక్కుండా మిలటరీ భర్తీకి పోయి ఎంపికై వచ్చాడు. ఛాతీ కొలిచేటప్పుడు ఊపిరి ఎట్లా బిగపట్టాడో ఊరంతా తిరిగి చూపించాడు, అంత హుషారు మనిషి.

మన సైన్యాన్ని శ్రీలంకకు పంపిన రోజులవి, వాడి పటాలం కూడా పోయింది. ఊళ్లో ముసలివాళ్లకు తెలిసిన లంక ఒక్కటే, రావణుడిది. అవ్వ అయితే కొడుకు రాముని దండులో చేరినట్టే సంబరపడి, శనివారం శనివారం హనుమంతుని గుడికి పోయి, నువ్వు సముద్రం దాటి మళ్లొచ్చినవు గద, మావోణ్ణి గూడ తోల్కరా అని దేవునితో బేరం మాట్లాడేది. వాడు సెలవు మీద వచ్చినప్పుడు ముసలమ్మలంతా చుట్టూ చేరి అశోకవనం సూసినవా బిడ్డా అంటే, ఆ కొంటెవాడు తడబడకుండా, సీతమ్మ కూసున్న చెట్టు కిందనే చాయ్ తాగిన అన్నాడు. ఆ రోజు అవ్వ వాడకట్టంతా బెల్లం పంచింది. షిఫ్టుకు పోయే నన్ను బస్సు దాకా సాగనంపుతూ మాత్రం తమ్ముడు, గాడ మట్టిల బాంబులు పాతిపెడ్తరన్నా, నడుస్తుంటే కండ్లు నేల మీదనే ఉండాలె, చెట్లు గిట్ల ఏమున్నయో నేను సూడనే లేదు అన్నాడు. ఆ మాట నేను అవ్వ చెవిన వేయలేదు.

ఆ సెలవే ఆఖరిది. కాలినడకన గస్తీ తిరుగుతుండగా బాంబు పేలి పోయాడని టెలిగ్రాం వచ్చింది, ఆ వెనకాలే వాడి పటాలం మనిషి ఒకతను అస్థికల కుండ పట్టుకొని వచ్చాడు. అతనిది హిందీ. ఫ్యాక్టరీలో బీహారు వాళ్ల దగ్గర నేర్చుకున్న ముక్కలతో నేనే అతని మాటలు అవ్వకు చెప్పాను. ఎట్లా పోయాడని ఆమె అడగలేదు, ఆ పొద్దు తిన్నడా అని అడిగింది. తిన్నాడమ్మా, నా వంతు రొట్టె కూడా వాడే తిన్నాడు అని అతనంటే, అవ్వ ఏడుస్తూనే నవ్వింది. మావాడి ఆకలి అటువంటిది.

ఆ యేడు శ్రీరామనవమికి గుళ్లో భజన జరుగుతోంది. మా మేనమామ హార్మోనియం ముందు కూర్చొని పాడుతూ, నడుమ నడుమ కథ చెప్పేవాడు. యుద్ధం ముగిశాక రాముడు ఇంద్రుణ్ణి వరమడిగి చచ్చిన కోతులనన్నిటినీ బతికించుకున్నాడని, అవన్నీ నిద్ర లేచినట్టు లేచి ఇళ్లకు పోయాయని పాడే చోటికి వచ్చేసరికి, ఆడవాళ్లలో కూర్చున్న అవ్వ లేచి నిలబడింది.

"మరి మనోడెందుకు లేవలేదురా తమ్మీ?"

గొంతులో కోపం లేదు, తెలియక అడిగినట్టే అడిగింది. మామ చేతులు హార్మోనియం మెట్ల మీదనే ఆగిపోయాయి. ఆ రోజు భజన అక్కడితో సరి. నాకు దేవుడి మీద ఎంత కోపమొచ్చిందో మామ మీద అంత జాలేసింది.

మరుసటి యేడు నుంచి మామ రావణుడు పడగానే నేరుగా పట్టాభిషేకానికి దూకేవాడు. తాళాలు కొట్టేవాళ్లకూ వినేవాళ్లకూ అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తలేదు. పొరుగూరి వాళ్లెవరైనా ఇదేందని అడిగితే, మా ఊళ్లె గింతే అని ఊరుకునేవాళ్లు. అవ్వ గుడి గడప తొక్కడం మానేసింది గానీ, పొలం మానలేదు, బర్రెను మానలేదు. నా చిన్నబిడ్డ పుట్టాక దాన్ని చంకనేసుకొని వాడకట్టంతా తిరుగుతూ మెల్లగా నవ్వడం కూడా మొదలుపెట్టింది. ఆ పిల్లకు పరుగులు వచ్చిన యేడు, నవమి నాడు పానకం కావాలని మారాం చేస్తే, దాని వెంట అవ్వ ఎన్నాళ్లకో గుడికి వచ్చి కూర్చుంది. మామ అలవాటుగా దూకబోతుంటే ఆపింది.

"నడుమల ఇడిసిపెడ్తున్నవేందిరా? కోతుల సంగతి సుత పాడు. ఎవలి కొడుకులైతేంది, ఇంటికొచ్చిండ్రు గద."

మామ పాడాడు. గొంతు బొంగురుపోయి రెండు మూడు చోట్ల ఆగిపోతే ఆడవాళ్లు అందుకున్నారు. అవ్వ తాళం వేస్తూ చివరిదాకా కూర్చుంది. అంత నిండుగా సాగిన భజన మా ఊళ్లో నేను మళ్లీ వినలేదు.

ఇప్పుడు అవ్వా లేదు, మామా లేడు. గుడికి గ్రానైటు పరిచారు, నవమికి పెద్ద పందిరి వేస్తారు, ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లలే తలా ఇంత వేసుకొని ఊరందరికీ భోజనాలు పెడతారు, చూస్తే కడుపు నిండుతుంది. పాట మాత్రం సౌండు బాక్సు పాడుతుంది, పొద్దున మొదలుపెడితే ఒక్క ముక్క వదలకుండా పాడుతుంది. వినేవాళ్లలో ఏ తల్లి కూర్చుందో చూసుకొని ఒక చరణం మింగేసే మనిషి ఇప్పుడు ఏ ఊళ్లో ఉన్నాడో నాకు తెలియదు.