కింద పడని రోగులకు పూర్తి మార్కులు

రిటైర్ కావడానికి ఏడాది ముందు, వానాకాలం మొదట్లో, జిల్లా ఆస్పత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా ఉన్న నన్ను ఒక బీమా పథకం తనిఖీ బృందానికి డిప్యుటేషన్ మీద పంపారు. సూపరింటెండెంటంటే హెడ్ నర్సుల మీద అధికారి. డాక్టర్ల ముందు మాత్రం ఎప్పటికీ సిస్టరే. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో ఒక్కో నర్సింగ్ హోమును నాణ్యతలో పోల్చి చూడటం మా పని. మనవైపు నర్సింగ్ హోమంటే చిన్న ప్రైవేటు దవాఖానా. మూడింట్లోనూ తుంటి ఆపరేషనైన ముసలివాళ్లను కోలుకునేదాకా ఉంచుకునే వార్డు ఉంది. మార్కులు బాగా వచ్చినవాళ్లకు ప్రతి బిల్లు మీదా కొంత ప్రోత్సాహకం కలిపి ఇస్తారు.

బృందానికి పెద్ద హైదరాబాదు నుంచి వచ్చిన కన్సల్టెంటు. చేతిలో ట్యాబు, మెడలో కార్డు. రోగి నాడి పట్టిన పాపాన పోలేదు. మందులు, శుభ్రత, పడక పుండ్లు వంటి కొలతల్లో మూడు దవాఖానాలూ దాదాపు సమానమే. తేల్చాల్సింది ఒక్క కొలత. దాని అధికారిక నామధేయం 'రోగి పతనం'. అంటే రోగి మంచం మీద నుంచో, నడుస్తూనో నేల మీద పడటం. ఎంత తక్కువమంది పడితే అంత ఎక్కువ మార్కులు. వినడానికి ఎంత బాగుందో!

జగిత్యాలలో ఒక్కరూ పడలేదు. పడే వీలుంటే గదా! ప్రతి మంచానికీ రెండువైపులా ఇనుప కడ్డీలు ఎత్తి, రోగులను నడుముకు తువ్వాలతో కట్టి పెట్టారు. రాయికల్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన, తాటిచెట్లెక్కి కల్లు గీసే గీత కార్మికుడు, నన్ను దగ్గరికి పిలిచాడు. "జిందగంత తాళ్లెక్కిన బిడ్డా. గీ మంచం మీదికెల్లి పడ్తనని కట్టేసిండ్రు" అన్నాడు. కన్సల్టెంటు ట్యాబులో 'సురక్షితం' అని నొక్కాడు.

కోరుట్లవాళ్లు ఇంకా ఘనులు. వార్డులోకి వెళ్తే మంచాలే లేవు. పరుపులన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. మంచాలేవని అడిగితే మేనేజరు సంబరంగా, "కిందనే పండుకున్నోళ్లు ఇంకేడికి పడ్తరు మేడం?" అన్నాడు. తుంటికి ఆపరేషనైన మనిషి నేల మీద నుంచి ఎట్లా లేస్తాడయ్యా అన్నాను. "లేస్తెనే గదా మేడం పడేది" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. మార్కులు మాత్రం పూర్తిగా వేశారు.

సిరిసిల్లలో డాక్టరమ్మ రోగులను పొద్దున, సాయంత్రం వాకరు ఇచ్చి వరండాలో నడిపించేది. పక్కనే ఆయా ఉండేది. మేం వెళ్లడానికి కాస్త ముందే లస్మవ్వ అనే ముసలావిడ నడుస్తూ జారి కూలబడిందట. దెబ్బేమీ తగల్లేదు. అయినా ఆ సంగతి దాచకుండా మాకు చెప్పారు. మళ్లీ పడతావేమో అవ్వా అంటే లస్మవ్వ నన్ను కసిరింది.

"పడ్తె లేస్త. కొడుకు సాంచాల కాడికి పోతడు, కోడలు కుట్టుపనికి పోతది. నన్ను దొడ్డికి ఎవలు తోల్కపోతరు? నా కాళ్ల మీద నేను ఇంటికి పోవాలె, గంతే!"

సాంచాలంటే మరమగ్గాలు. ఒక్కరు పని మానినా ఆ ఇల్లు గడవదు. ఆమె తాపత్రయమంతా అదే.

ఆ ఒక్క జారుడుతో సిరిసిల్ల అట్టడుక్కు పోయింది. నడిపించినందుకు మార్కులు వేయరా అని కన్సల్టెంటును నిలదీశాను. ట్యాబులో నడకకు గడి లేదు మేడం అన్నాడు. అభ్యంతరం రాసిచ్చాను. అందిందని మర్యాదగా జవాబొచ్చింది. ప్రోత్సాహకం జగిత్యాలకు, కోరుట్లకు దక్కింది. శాలువాలు కూడా కప్పారు.

మార్కులు తక్కువొచ్చాయని కొద్దిరోజులకే మళ్లీ తనిఖీకి సిరిసిల్ల వెళ్లాం. వరండాలో మనిషి లేడు. మంచాలన్నింటికీ కొత్త కడ్డీలు వెలిశాయి. డాక్టరమ్మ నా మొహం చూడకుండా, "ఏం జెయ్యమంటరు మేడం? మార్కులు పెరగకుంటె పథకంల నుంచి తీసేస్తమన్నరు. నడిపిచ్చుడు బందు పెట్టిన" అంది.

లస్మవ్వకు ఆ రోజే డిశ్చార్జి. "జరంత నడక అచ్చేటి యాళ్లకు పండవెట్టిండ్రు" అని మొహం గోడవైపు తిప్పుకుంది. కొడుకు ఆ పూట పని మానుకుని వచ్చి, ఆమెను రెండు చేతులా ఎత్తి ఆటోలో కూర్చోబెట్టాడు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కన్సల్టెంటు మాత్రం 'గణనీయమైన మెరుగుదల' అని నమోదు చేసి చాయ్ తాగాడు. తర్వాత కనుక్కుంటే, అత్తను లేపి కూర్చోబెట్టడానికి కోడలు కుట్టుపని మానేసిందని తెలిసింది.

దవాఖానాలను పోల్చే పని ఎవరికైనా పడితే నేను చెప్పేది ఒక్కటే. రోగికి ఏం కాలేదో లెక్కపెట్టే ముందు, ఇంటికి వెళ్లాక తన పని తాను చేసుకోగలడా అని అడగండి. అది అడగకుండా డబ్బు ముడిపెడితే మంచి దవాఖానా చెడ్డదాన్ని చూసి నేర్చుకుంటుంది. సిరిసిల్ల త్వరగానే నేర్చుకుంది. ఆ విడత దానికీ పూర్తి మార్కులు వచ్చాయి.