మాన్పడానికి వచ్చిన కణాలు

అక్టోబరు 12, ఆదివారం, అరోరా, అమెరికా. మా తెలుగు క్రైస్తవ సంఘంలో పిల్లలకు సండే స్కూల్ చెప్పే టీచరమ్మ గురువారం కన్నుమూసింది. క్యాన్సర్ అని మాకు ముందే తెలుసు. తెలిసి ఉండడం ఏమీ సాయపడలేదు. సమాధి దగ్గర అందరూ ఆమె మంచితనం గురించి మాట్లాడారు. ఆమె పని గురించి ఎవరూ చెప్పలేదు. అందుకే ఈ రోజు రాయడానికి కూర్చున్నాను.

వారమంతా ఆమె ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో బయోకెమిస్టు. గాయపడిన రక్తనాళం గోడ ఎందుకు మందమవుతుందో కనిపెట్టడం ఆమె పని. ల్యాబ్ అలవాటు వంటింట్లోనూ పోలేదు. సంఘం భోజనాలకు తెచ్చే పులిహోర డబ్బా మీద కూడా టేపు అంటించి పేరు, తేదీ, వండిన సమయం రాసేది. అందరూ నవ్వేవారు. నాకు ఆమె నచ్చింది అందుకే.

ఆమధ్య మా ఆయన గుండె నాళంలో స్టెంట్ వేశారు. కొన్ని నెలలకే ఆ చోటే మళ్ళీ ఇరుకైంది. ఇంట్లో ఉప్పూ నూనే కొలిచి వేసేది నేను. మరి తప్పు ఎవరిది? ఇరుకైందని తెలిసిన వారం మా ఇంట్లో జరిగిన ప్రార్థన కూటంలో మా ఆయన లేచి నిలబడ్డారు. వాకింగ్ పేరు చెప్పి గ్యాస్ స్టేషన్‌లో డోనట్లు తింటున్నానని అందరి ముందూ ఒప్పుకున్నారు.

"ఇది దేవుడు వేసిన శిక్ష. ఇంక హాస్పిటల్‌కి రాను. నన్ను బలవంతపెట్టకండి."

ఆలస్యం చేస్తే ప్రాణానికే ప్రమాదమని డాక్టర్ చెప్పి ఉన్నారు. ఆయన ఒకసారి రానంటే రారు. టీచరమ్మ ఒక్కతే నవ్వేసింది.

"అంకుల్, డోనట్లు మంచివని నేననను. కానీ మీ డోనట్లకి అంత సీన్ లేదు."

"ఎన్ని తిన్నారు?" అన్నాను నేను.

"ఆంటీ, ఎవరి తప్పని అడగకండి. ఏం జరిగిందని అడగండి. శనివారం ల్యాబ్‌కి రండి, నేనే డ్రైవ్ చేస్తా."

శనివారం ఆయన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టింది.

"ఏంటమ్మా ఈ రింగు?"

"ఎలుక రక్తనాళం అంకుల్, అడ్డంగా కోసింది. గోడ సన్నగా ఉంది కదా? ఇప్పుడు ఇది చూడండి. లోపల గాయం చేశాక."

రెండో రింగు గోడ లోపలికి ఉబ్బి, మధ్యలో కొంచెమే ఖాళీ మిగిలింది. మా ఆయన రైల్వేలో వంతెనలు కట్టించిన మనిషి. తల ఎత్తకుండానే అడిగారు.

"ఇంత కట్టమని వీటికి ఎవరు చెప్పారు?"

"స్టెంట్ పెట్టేటప్పుడూ గోడకి ఇలాంటి గాయమే అవుతుంది. అక్కడ రక్తంలోని ప్లేట్‌లెట్లు అతుక్కుని ఒక ప్రోటీన్ వదులుతాయి. గోడలోని కండర కణాలు మామూలుగా బిగుసుకోవడం, వదులవడం, అంతే చేస్తాయి. ఆ ప్రోటీన్ అందగానే పాత పని మానేసి, సంఖ్య పెంచుకుని, లోపలికి పాకి కట్టడం మొదలుపెడతాయి."

"మరి ఆపమని?"

"లోపలి పొర మళ్ళీ పెరిగితే అదే చెప్తుంది. ఆ లోపు ఇవి ఎక్కువ కట్టేస్తాయి. మిమ్మల్ని శిక్షించడానికి కాదంకుల్, మాన్పడానికే వచ్చాయి."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "సోమవారం అపాయింట్‌మెంట్ బుక్ చెయ్యి," అన్నారు నాతో.

తర్వాత నేనూ చూశాను. ఇన్నేళ్ళూ ఇల్లంతా నా ఆజ్ఞ మీదే నడుస్తోందనుకున్నాను. నా ఒంట్లోనే, నేను పిలవకుండా లేచి పనికి వెళ్ళేవాళ్ళు ఇంతమంది ఉన్నారని ఆ రోజు తెలిసింది. అప్పుడు కలిగిన భయభక్తులు ఇంకా తగ్గలేదు.

ఇక జరగవలసినవి:

1. వచ్చే ఆదివారం సండే స్కూల్ ఆగదు. మరొకరు దొరికేదాకా నేను చెబుతాను. పిల్లలు సమయానికి రావాలి.

2. స్టెంట్ ఉన్నవారు ఎవరూ డాక్టర్‌ని అడగకుండా మాత్రలు మానకూడదు. పశ్చాత్తాపం వేరు, వైద్యం వేరు.

3. టీచరమ్మ పిల్లల చేత క్రేయాన్లతో వేయించిన ఊదారంగు రక్తనాళాల రింగులు సండే స్కూల్ గోడ మీదే ఉండాలి. మా ఆయన ప్రతి ఆదివారం వాటి ముందు ఆగుతారు. ఈ ఉదయం చూస్తే, అన్నిటికంటే ఇరుకైన రింగు మధ్యలో ఎవరో ఎర్రటి చుక్క ఒకటి పెట్టారు. రక్తం ఆ ఇరుకు దాటిపోతున్నట్టే ఉంది.