పెళ్లిళ్ల వీడియో ఆయన తీసిన రాక్ పాట

మొన్న శుక్రవారం నేను ఎడిటింగ్ గదిలో ఉండగా పక్క కొట్టు ఆయన సాంబ్రాణి వేశాడు. పొగ కిటికీలోంచి లోపలికి రాగానే నా దగ్గర పనిచేసే వాళ్లు తలుపులు మూయబోయారు. వద్దన్నాను. ఆ వాసనకు ఎవరికైనా దర్గా గుర్తొస్తుంది, లేకపోతే తలంటిన పసిబిడ్డ గుర్తొస్తుంది. నాకు మాత్రం రాక్ సంగీతం గుర్తొస్తుంది. ఈ మాట పైకి అంటే నాకు వయసు మీద పడిందనుకుంటారు. అందుకని మస్తాన్ భాయ్ సంగతి మొదటినుంచీ చెప్పడమే మేలు.

ఎనభైల చివర్లో ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఆయనకు వీడియో కొట్టు ఉండేది. ఉదయగిరి, సీతారామపురం, కలిగిరి, కొండాపురం, ఎక్కడ పెళ్లి జరిగినా వీడియో ఆయనదే. నలభై ఐదేళ్ల మనిషి, సన్నగా పొడుగ్గా ఉండేవాడు. భుజాన కెమెరా బరువుకు ఒక పక్కకు వాలి నడిచేవాడు. కెమెరా లేనప్పుడూ అలాగే నడిచేవాడు. ఇంట్లో ఉర్దూ, కొట్లో తెలుగు, కోపమొస్తే రెండూ. హిందువుల పెళ్లిలో దేని తర్వాత ఏది జరగాలో కొత్తగా వచ్చిన పురోహితులకు ఆయనే అందించేవాడని చెప్పుకునేవారు. కోతలనుకున్నాను. ఒక పెళ్లిలో ఆయన కెమెరా వెనకనుంచి "స్వామీ, జీలకర్రబెల్లం మరిచినారు" అనడం నా చెవులతో విన్నాక నమ్మాను.

అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు. ఉదయగిరి దగ్గర సేద్యం చేసుకునే ఇల్లు మాది. మద్రాసులో డిగ్రీ చదివేటప్పుడు ఒక స్నేహితుడింట్లో ఇంగ్లీషు రాక్ పాటల వీడియో క్యాసెట్ చూశాను. ఆ రోజునుంచి నేను మామూలు మనిషిని కాలేదు. గిటారు కొన్నాను. ఊరొచ్చి, నాతో బడిలో చదివిన ఖాదర్‌ను పట్టుకున్నాను. వాడు ఉదయగిరి పెళ్లిబ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. ఇద్దరం కలిసి ఒక రాక్ బృందమయ్యాం. సమాజాన్ని తిడుతూ నేనొక పాట రాశాను. మద్రాసులో ఒక క్యాసెట్ కంపెనీ మేనేజరు కాళ్లావేళ్లా పడితే ఆయన, "ఈ నెలాఖరులోగా ఆ పాటకు వీడియో తీసుకురా, చూద్దాం" అన్నాడు. ఆ మాట పట్టుకుని మా నాయన కూడా గడువు పెట్టేశాడు.

"నెలాఖరుదాకా ఎగురు. అది కాకపోతే మారుమాట లేకుండా కలిగిరిలో మీ మామ ఎరువుల కొట్లో కూర్చోవాల" అన్నాడు.

మా మామ మంచివాడే. కానీ ఆ కొట్లో ఒకసారి కూర్చున్నవాడు మళ్లీ లేచిన దాఖలా లేదు. నా బతుకంతా ఆ ఒక్క వీడియో మీద ఆధారపడి ఉందని నాకు తెలుసు. అంత పెద్ద పనికి ఆ చుట్టుపక్కల ఉన్న ఒకే ఒక్క కెమెరా మస్తాన్ భాయ్‌ది.

రాక్ వీడియోలో ఉండవలసినవన్నీ ఒక చీటీ మీద రాసుకుని ఆయన కొట్టుకు వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, పచారీ సరుకుల పట్టీ చదివినట్టు పైకి చదివాడు. "పొగ. గాలి. నల్ల కళ్లజోడు. తోలు కోటు. పొడుగు జుట్టు. పడిపోయిన కోట. చేతులెత్తి ఎగిరే జనం. కోపం." చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "అన్నీ దొరుకుతాయి. కోపం మాత్రం నువ్వే తెచ్చుకో."

"ఇవన్నీ ఉండి తీరాల భాయ్. లేకుంటే రాక్ అని ఎట్టా తెలుస్తాది?"

ఆయన నవ్వలేదు. "నిజమేలే. వాకిట్లో అరటిచెట్లు కట్టకపోతే అది పెళ్లిల్లని ఎట్టా తెలుస్తాది. మరి ఇందులో తాళి యాడుండాది?"

"తాళి ఏంది భాయ్?"

"పెళ్లంటే రెండు దినాల తతంగం. అదంతా ఒక్క నిమిషం కోసరం. ఆ నిమిషం పోగొట్టినానంటే నన్ను పందిరి గుంజకు కట్టేస్తారు. నీ పాటలో ఆ నిమిషం ఏది?"

నేనెప్పుడూ ఆలోచించలేదు. మూడో చరణం అయ్యాక ఖాదర్ డ్రమ్ములు దబదబా బాదుతాడని చెప్పాను. "గట్టిమేళం" అని ఆయన తన పుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత ఇంకో సందేహం వచ్చింది. క్యాసెట్ మొదట్లో ఏ దేవుణ్ణి చూపించాలి, రాక్ వాళ్లు ఎవరికి మొక్కుతారు అని అడిగాడు. ఎవరికీ మొక్కరన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి, "తామరపువ్వు పెడదాంలే, ఎవురూ ఏమీ అనుకోరు" అన్నాడు.

సరుకులు సమకూరాయి. తోలు దొరక్క, బస్సు సీట్లు కుట్టే ఆయన చేత నల్ల రెగ్జినుతో కోటు కుట్టించాం. మండుటెండల్లో అది వేసుకుంటే నేను నెల్లూరు బస్సులా వాసన కొట్టేవాణ్ణి. జుట్టు నాటకాల వాళ్ల దగ్గరనుంచి వచ్చింది, రాక్షసుడి వేషానిది. మద్రాసులో చూసిన గిటార్లన్నిటికీ వైర్లున్నాయి గనుక నా మామూలు గిటారుకు ఇస్త్రీపెట్టె వైరు కట్టి, రెండో కొసను తుమ్మపొదలో దాచాం. ఉదయగిరిలో పడిపోయిన కోటకు కొదవ లేదు. ఇక మిగిలింది జనం.

జనం సంగతి మస్తాన్ భాయ్ తనే చూసుకున్నాడు. మా పాట తీసే రోజు ఆయన ఉదయగిరిలో ఒక పెళ్లి తీస్తున్నాడు. భోజనాలకూ అప్పగింతలకూ మధ్య రెండు గంటల ఖాళీ ఉంది. కొండ కిందికి వస్తే టీవీలో కనబడతారని చెప్పి పెళ్లివారిని తోలుకొచ్చాడు. నలభై మంది పట్టుచీరలతో, తాంబూలాలతో, భుక్తాయాసంతో వచ్చి బండల మీద సర్దుకుని కూర్చున్నారు. ముందు వరసలో పెళ్లికూతురి అవ్వ. వంటవాళ్లు ఇద్దరు చేటలతో నా మీద గాలి విసిరారు. దర్గాలో సాంబ్రాణి వేసే ఫకీరు సాహెబు ధూపం పట్టుకుని నా చుట్టూ తిరిగాడు. పొగకు దగ్గొచ్చింది, దగ్గుకు విగ్గు జరిగింది.

"ఏందిరా ఆ మొహం, కడుపునొప్పా?" అన్నాడు మస్తాన్ భాయ్ కెమెరాలోంచి.

"కోపం భాయ్. సమాజం మీద."

"సమాజం ఇప్పుడే పప్పన్నం తినొచ్చి నీ ఎదురుగానే కూర్చోనుండాది. కొంచెం మర్యాదగా పడు కోపం."

బ్యాటరీలో ఒక్క పాటకు సరిపడా ప్రాణమే ఉంది. మొదలుపెట్టాం. రెండు చరణాలు బాగానే సాగాయి. మూడో చరణం అయ్యాక నేను ఆకాశంకేసి మొహమెత్తి కళ్లు మూసుకుని గట్టిగా అరిచాను. ఖాదర్ దబదబా అందుకున్నాడు. వాడు పొద్దున అదే పెళ్లిలో ముహూర్తానికి ఏ దరువు వేశాడో, అలవాటు కొద్దీ చేతులకు అదే వచ్చింది. అంతే. అవ్వ కొంగున కట్టుకొచ్చిన మూట విప్పి నా మీద అక్షింతలు చల్లింది. ఆమెను చూసి నలభై మందీ లేచారు. అక్షింతలు అందనివాళ్లు జడల్లో పూలు తుంచి వేశారు. ఒక వక్క వచ్చి గిటారుకు తగిలి టంగుమంది. నేను కళ్లు తెరిచేసరికి కెమెరా నా వైపు లేదు. అవ్వ చేతివైపు తిరిగి ఉంది. బ్యాటరీ అయిపోయింది.

"ఏంది అవ్వా ఈ పని?" అని ఏడుపుగొంతుతో అడిగాను.

"గట్టిమేళం మోగితే అక్షింతలు ఎయ్యకుండా ఎట్టా ఉంటారు నాయనా? పెళ్లెవరిదయితే ఏంది" అంది అవ్వ.

మస్తాన్ భాయ్ మీద విరుచుకుపడ్డాను. నా బతుకు తేలే నిమిషంలో ముసలమ్మ చెయ్యి తీస్తారా అన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "అలవాటు అబ్బయా. తాళి కట్టే పెళ్లికొడుకును అందురూ చూస్తారు. అక్షింతలు ఏసే చేతుల్ని నేను గాక ఎవురు చూస్తారు? ఆ దరువు ఇనబడితే నా కెమెరా ఆడికే పోతాది" అన్నాడు. ఆ ముక్క కోసెయ్యమని కొట్లో రెండు రోజులు పోట్లాడాను. "మిగతా అంతా నువ్వే ఉండావు కదరా, అవ్వను ఉండనీ" అని ఆయన కోయలేదు. గడువు దగ్గరపడింది. అదే క్యాసెట్ పట్టుకుని, అందులో అక్షింతలు ఉన్నందుకు ఆయన్ను దారి పొడుగునా తిట్టుకుంటూ మద్రాసు వెళ్లాను.

మేనేజరు తామరపువ్వు దగ్గర నవ్వడం మొదలుపెట్టాడు. రెగ్జిను కోటు దగ్గరికి వచ్చేసరికి నవ్వలేక కళ్లు తుడుచుకున్నాడు. నాకు ఎరువుల కొట్టు కనబడుతూనే ఉంది. అవ్వ చెయ్యి వచ్చింది. ముడతలు పడిన చెయ్యి, గుప్పిట తెరుచుకుంటూ, వేళ్ల సందుల్లోంచి పసుపు బియ్యం జారుతూ. ఆయన నవ్వు ఆగింది. వెనక్కి తిప్పించి మూడుసార్లు చూశాడు.

"పాట వదిలెయ్యి. ఇక్కడ కెమెరా చేతిమీదికి తిప్పమని చెప్పిందెవరు?"

"నేనే సార్" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. తమ వీడియో విభాగంలో సహాయకుడిగా వచ్చేనెల మధ్యలో చేరమన్నాడు.

ఆత్మకూరు తిరిగొచ్చి మస్తాన్ భాయ్‌కి ఉద్యోగం సంగతి చెప్పాను. ఆయన పొంగిపోయి టీ తెప్పించాడు. ఆ టీ తాగకుండానే పక్కన పెట్టాను. అబద్ధమాడిన సంగతి చెప్పేశాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆయన తిడితే బాగుండేది. తన గ్లాసు కింద పెట్టాడు.

"ఎందుకు తిప్పమన్నావని అడిగినాడా?"

"అడగలేదు భాయ్."

"అడుగుతాడు. ఈరోజు కాకపోతే రేపు ఇంకో చెయ్యి తియ్యమంటాడు. అప్పుడేం చేస్తావు?" గోడమీది క్యాలెండరు చూశాడు. "నువ్వు చేరేదానికి పద్దెనిమిది దినాలుండాయి. రేపు కొండాపురంలో పెళ్లి. పొద్దున్నే వచ్చి లైటు పట్టుకో."

ఆ పద్దెనిమిది రోజుల్లో తొమ్మిది పెళ్లిళ్లు తిప్పాడు. అందరూ ఎటు చూస్తున్నారో గమనించి, దానికి ఎదురు దిక్కు చూడమనేవాడు. పొరపాటు చేస్తే పెళ్లివారి ముందే ఉర్దూలో తిట్టేవాడు. ఆఖరి పెళ్లిలో సరిగ్గా ముహూర్తానికి కెమెరా నా భుజాన పెట్టి, తను పక్కకు తప్పుకున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా నేను తింటున్న అన్నం ఆ పద్దెనిమిది రోజులదే.

ఆయన పోయాక పలకరించడానికి వెళ్లాను. ఇప్పుడు కొట్టు ఆయన కూతురు షమీమ్ చూసుకుంటోంది. నన్ను తన పిల్లలకు పరిచయం చేస్తూ, "ఈయనేరా. తాత కెమెరాను ఈయన మీదనే పెట్టి ఉంటే, నన్ను కాదు భాయ్, అవ్వ చెయ్యి చూడండని పాడతానే సైగ చేసినాడంట. మా అబ్బా మాకు వందసార్లు చెప్పినాడు" అంది.

నా అబద్ధానికి ఆయన అన్నేళ్లూ కాపలా కాశాడు. ఆ పిల్లల ముందు నిజం ఒప్పుకోలేకపోయాను. టీ తాగి వచ్చేశాను. షమీమ్ దీన్ని చదువుతుందని తెలిసే రాస్తున్నాను. నేను ఏ సైగా చేయలేదమ్మా. అప్పుడు నేను కళ్లు మూసుకుని అరుస్తున్నాను. చూసింది మీ అబ్బా ఒక్కడే.